బ్యాకప్ ఉంది సరే, తెరిచేదెలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

కంప్యూటర్ జాగ్రత్తల గురించి పేపర్లో ఏం వచ్చినా "బ్యాకప్ తీసుకోండి" అనే మాట తప్పకుండా ఉంటుంది. మంచి మాటే, కాదనను. కానీ తీసుకున్న బ్యాకప్‌ని అవసరం పడ్డ రోజు ఎలా తెరవాలి, తెరిచే కంగారులో దాన్నే పోగొట్టుకోకుండా ఎలా చూసుకోవాలి అన్నది మాత్రం ఎక్కడా రావడం లేదు. మా ఊళ్లో దస్తావేజు లేఖరులకు, ప్లీడర్ల దగ్గర టైపు చేసేవాళ్లకు, చిన్న ప్రైవేటు స్కూళ్లకు, లెక్కలు రాసే ఆఫీసులకు కంప్యూటర్లు సెట్ చేసి ఇచ్చే పని నాది. ఫైలు పోయిందని పిలిస్తే వెళ్లి చూస్తే చాలాసార్లు పాత కాపీ ఆ ఫోల్డర్లోనే ఉంటుంది. ఉన్నట్టు వాళ్లకి తెలియదు, తెలిసినా తెరవడం రాదు, తెరిచినా మరుసటి నిమిషంలోనే దాన్ని చెడగొట్టుకుంటారు. దీనికి రూపాయి ఖర్చు లేని ఒక ఏర్పాటు ఉంది, మౌస్ కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూలో మన అవసరానికి తగ్గ ఒక లైను చేర్చుకోవడం. అది పది మందికీ తెలియాలని ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, దయచేసి కత్తిరించకుండా వేయండి.

ముందు అసలు నష్టం ఎలా జరుగుతుందో చెప్పాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన కూర్చుని రాసేవాళ్లు ప్రతి దస్తావేజూ మొదటి నుంచీ టైపు చెయ్యరు, చెయ్యలేరు కూడా. పాత క్రయ దస్తావేజు ఒకటి తెరిచి, రాసిచ్చినవారి పేరు, రాయించుకున్నవారి పేరు మార్చి, సర్వే నంబరు మార్చి, చెక్కుబందీలో తూర్పు పడమర ఉత్తరం దక్షిణం మార్చి, ప్రతిఫలం అంకె మార్చి ప్రింటు తీస్తారు. ఈ మార్పుల మధ్యలో చెయ్యి అలవాటు కొద్దీ కంట్రోల్ ఎస్ నొక్కేస్తుంది, అంతే, పాత దస్తావేజు మీద కొత్తది కూర్చుంటుంది. నెల తర్వాత ఆ పాత పార్టీ సవరణ దస్తావేజు కోసం వస్తే చూపించడానికి ఫైలు ఉండదు. స్కూళ్లలో ప్రశ్నపత్రాల సంగతి, ఆఫీసుల్లో జీతాల బిల్లుల సంగతి, అపార్ట్‌మెంట్ సంఘాల్లో మెయింటెనెన్స్ లెక్కల సంగతి అంతా ఇదే కథ. వైరస్ కన్నా, హార్డ్ డిస్క్ చెడిపోవడం కన్నా, నేను చూసినంతలో పాత ఫైలు మీద కొత్తది సేవ్ అవ్వడం వల్లే ఎక్కువ పని పోతోంది.

వర్డ్‌లో దీనికి ఎప్పటి నుంచో ఒక సదుపాయం ఉంది. ఫైల్‌లో ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ కిందికి జరుపుకుంటూ పోతే సేవ్ అనే శీర్షిక కింద "ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ" అని ఒక గడి కనిపిస్తుంది. మామూలుగా అందులో టిక్కు ఉండదు, మనమే పెట్టుకోవాలి. పెట్టాక సేవ్ చేసిన ప్రతిసారీ అంతకుముందు సేవ్ అయిన రూపాన్ని అదే ఫోల్డర్లో "బ్యాకప్ ఆఫ్" అని ముందు తగిలించి, డబ్ల్యూబీకే అనే ఎక్స్‌టెన్షన్‌తో (అంటే ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలతో) పక్కన పెడుతుంది. ఎక్సెల్‌లో ఇది ఒకసారి పెడితే అన్ని ఫైళ్లకూ వర్తించదు, ఏ ఫైలుకి ఆ ఫైలుకే పెట్టాలి: ఎఫ్12 నొక్కి సేవ్ యాజ్ పెట్టె తెరిచి, సేవ్ బటన్ పక్కన టూల్స్‌లో జనరల్ ఆప్షన్స్‌కి వెళ్లి "ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్" టిక్కు పెట్టాలి, అప్పుడు ఎక్స్‌ఎల్‌కే ఎక్స్‌టెన్షన్‌తో కాపీ వస్తుంది. జీతాల ఫైలు, ఫీజుల ఫైలు లాంటి ముఖ్యమైన వాటికి ఇది పెట్టని ఆఫీసులే ఎక్కువ.

ఇక్కడ బాగా గుర్తు పెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఆ బ్యాకప్ ఒక్కటే ఉంటుంది, ఒక్క మెట్టు వెనక్కి మాత్రమే ఉంటుంది. మొదటిసారి తప్పుగా సేవ్ చేసినప్పుడు మంచి కాపీ బ్యాకప్‌లో భద్రంగా ఉంటుంది. రెండోసారి సేవ్ నొక్కగానే ఆ తప్పు కాపీయే బ్యాకప్‌గా మారిపోయి మంచిది శాశ్వతంగా పోతుంది. ఫైలు పోయిందన్న టెన్షన్‌లో జనం చేసే మొదటి పని ఏమిటో తెలుసా? మళ్లీ సేవ్ నొక్కడం. "ఇంకా ఏమైనా పోతుందేమో, ఉన్నదైనా దాచుకుందాం" అని. ఆ ఒక్క నొక్కుతో చివరి అవకాశం పోతుంది. అందుకే తప్పు జరిగిందని అనిపించిన క్షణంలో సేవ్ జోలికి పోకూడదు. ముందు ఫైలు ఉన్న ఫోల్డర్‌కి వెళ్లి బ్యాకప్ కాపీని పెన్ డ్రైవ్‌లోకో వేరే ఫోల్డర్లోకో కాపీ చేసుకోవాలి, మిగతావన్నీ తర్వాత.

కానీ ఆ కాపీ కళ్ల ముందే ఉన్నా జనానికి కనిపించదు. ఒకటి, పేరు "బ్యాకప్ ఆఫ్" అని మొదలవుతుంది కాబట్టి ఫోల్డర్‌ని పేర్ల వరుసలో చూస్తే అది అసలు ఫైలు పక్కన ఉండదు, బ్యాకప్‌లన్నీ ఇంగ్లిష్ బి దగ్గర గుంపుగా చేరతాయి. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకున్నవాళ్లకైతే అది జాబితాలో మరీ దూరంగా పోతుంది. రెండు, విండోస్ మామూలుగా తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచేస్తుంది, అందువల్ల ఏది అసలు ఏది బ్యాకప్ అన్నది చివరి అక్షరాలు చూసి పోల్చుకోలేం. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానికి టిక్కు పెట్టుకోవడం మంచిది, నేను సెట్ చేసే ప్రతి కంప్యూటర్‌లో మొదట చేసే పని అదే. మూడు, వర్డ్ లోపలికి వెళ్లి ఓపెన్ నొక్కి వెతికితే, కింద ఆల్ ఫైల్స్ అని మార్చేదాకా బ్యాకప్ కనబడకపోవచ్చు. ఇన్ని అడ్డంకులు దాటి వెళ్లే ఓపిక కంగారులో ఉన్న మనిషికి ఎక్కడ ఉంటుంది?

వర్డ్, ఎక్సెల్‌లకు బదులు ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ వాడేవాళ్ల పరిస్థితి ఇంకొంచెం కష్టం. డబ్బులు పెట్టి లైసెన్స్ కొనలేని చిన్న స్కూళ్లలో, సంఘాల ఆఫీసుల్లో దాన్ని వాడుతున్నారు, వాడమని నేనూ చెప్తాను. అందులోనూ టూల్స్, ఆప్షన్స్, లోడ్ స్లాష్ సేవ్, జనరల్ అనే దారిలో బ్యాకప్ గడి ఉంది. కానీ ఆ కాపీలు మామూలుగా మన ఫోల్డర్లోకి రావు, యూజర్ ప్రొఫైల్ లోపలెక్కడో ఉన్న బ్యాకప్ ఫోల్డర్లోకి పోతాయి. అది ఎక్కడుందో ఆప్షన్స్‌లోనే పాత్స్ అనే చోట చూసుకోవాలి. పైగా అవి బీఏకే అనే ఎక్స్‌టెన్షన్‌తో ఉంటాయి, ఆ ఎక్స్‌టెన్షన్ విండోస్‌లో ఎవరి సొంతమూ కాదు. రకరకాల ప్రోగ్రాములు అదే పేరుతో బ్యాకప్‌లు రాస్తాయి. డబుల్ క్లిక్ చేస్తే "ఈ ఫైలు దేంతో తెరవాలి?" అని అడుగుతుంది. అక్కడ చాలామంది నోట్‌ప్యాడ్ ఎంచుకుని, "ఎప్పుడూ ఇదే వాడు" అన్నదానికి కూడా టిక్కు పెట్టేస్తారు. తెర నిండా పిచ్చి గుర్తులు. ఫైలు పాడైపోయిందనుకుంటారు. కొందరు ఆ పిచ్చి గుర్తుల మీదే సేవ్ కూడా నొక్కుతారు, అప్పుడది నిజంగానే పాడైపోతుంది.

పిచ్చి గుర్తులంటే గుర్తొచ్చింది, మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న తిప్పలు ఒకటి ఇక్కడే చెప్పాలి. డీటీపీ సెంటర్లలో, కోర్టు పనుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు కుప్పలుగా ఉన్నాయి. అవి యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి, కావు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగులా కనిపిస్తాయి, లేని చోట ఇంగ్లిష్ అక్షరాలు, విరామ చిహ్నాలు కలగలిసిన గందరగోళంలా కనిపిస్తాయి. బ్యాకప్ కాపీని పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఇంట్లో కంప్యూటర్‌లో తెరిచినవాళ్లు ఆ గందరగోళం చూసి "ఇది చెడిపోయింది" అని డిలీట్ చేసిన సందర్భాలు నాకు తెలుసు. లోపల అక్షరాలన్నీ సరిగ్గానే ఉంటాయి. అను ఫాంట్లు ఉన్న కంప్యూటర్‌కి తీసుకెళ్లి తెరిచి చూసేదాకా ఏ బ్యాకప్‌నీ తీసెయ్యకండి. కొత్తగా టైపు చేసేవాళ్లు యూనికోడ్‌లో చేస్తే ఈ బాధే ఉండదు, అది వేరే పెద్ద విషయం, దాని జోలికి ఇప్పుడు పోను.

ఇక కుడి క్లిక్ దగ్గరికి వస్తాను. వర్డ్ ఉన్న కంప్యూటర్‌లో మామూలు వర్డ్ ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే ఓపెన్, ఎడిట్, ప్రింట్‌లతో పాటు "న్యూ" అనేది కూడా ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా ఉంది, ఎవరూ పట్టించుకోరు. అది నొక్కితే ఆ ఫైలు తెరుచుకోదు, దాని మేటరంతా ఉన్న కొత్త డాక్యుమెంట్ పేరు లేకుండా తెరుచుకుంటుంది. ఇక కంట్రోల్ ఎస్ ఎన్నిసార్లు నొక్కినా పాత ఫైలుకి ఏమీ కాదు, కొత్త పేరు పెట్టమని అడుగుతుంది. పాత దస్తావేజు చూసి కొత్తది రాసేవాళ్లు డబుల్ క్లిక్ మానేసి ఈ న్యూ ఒక్కటి అలవాటు చేసుకుంటే సగం గొడవలు మొదట్లోనే ఆగిపోతాయి. అలాగే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే వర్డ్, ఎక్సెల్ ఫైళ్లకు "ఓపెన్ యాజ్ రీడ్ ఓన్లీ" అని ఇంకో లైను అదనంగా కనిపిస్తుంది. చూడ్డానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా తెరుస్తుంది. విండోస్ 11 వచ్చాక రైట్ క్లిక్ మెనూని కుదించేశారు, పాత మెనూ కావాలంటే కింద "షో మోర్ ఆప్షన్స్" నొక్కాలి, లేదా ఫైలుని ఎంచుకుని షిఫ్ట్ ఎఫ్10 కొట్టాలి. "కొత్త కంప్యూటర్‌లో ఆ లైన్లు లేవండీ" అని చాలామంది అంటుంటారు, ఉన్నాయి, ఒక మెట్టు లోపలికి పోయాయి.

బ్యాకప్ ఫైళ్ల కోసం నేను అందరికీ చెప్పేది "సెండ్ టూ" దారి. దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ముట్టుకోనక్కర్లేదు, నచ్చకపోతే ఒక షార్ట్‌కట్ డిలీట్ చేస్తే పోతుంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్‌లో షెల్ అని, వెంటనే కోలన్, వెంటనే సెండ్‌టూ అని మధ్యలో ఖాళీ లేకుండా (shell:sendto) కొట్టి ఎంటర్ నొక్కితే ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో ఏ షార్ట్‌కట్ వేస్తే అది రైట్ క్లిక్‌లో సెండ్ టూ కింద కనిపిస్తుంది. స్టార్ట్‌లో వర్డ్ అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఫైల్ లొకేషన్" అంటే వర్డ్ షార్ట్‌కట్ దొరుకుతుంది, దాన్ని కాపీ చేసి ఈ ఫోల్డర్లో వెయ్యాలి. ఇప్పుడు ఆ వేసిన షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరిచి, టార్గెట్ అనే గడిలో ఉన్నదాన్ని చెరపకుండా, చివర ఒక ఖాళీ వదిలి, స్లాష్ (/) పెట్టి ఇంగ్లిష్ ఎఫ్ అక్షరం చేర్చాలి. కొటేషన్ గుర్తు ఉంటే ఆ గుర్తు బయటే చేర్చాలి, లోపల కాదు. ఈ స్లాష్ ఎఫ్ చేసే పని ఏమిటంటే, పంపిన ఫైలుని తెరవకుండా దాని ఆధారంగా కొత్త డాక్యుమెంట్ తెరుస్తుంది. అంటే బ్యాకప్ ఫైలు చెక్కు చెదరదు, మేటరు మాత్రం మన చేతికి వస్తుంది, పేరు పెట్టి దాచుకోవచ్చు. కొన్ని పాత ఆఫీస్ వెర్షన్లలో ఆ టార్గెట్ గడి బూడిద రంగులో ఉండి మార్చనివ్వదు. అప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న విన్‌వర్డ్ అనే అసలు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి కొత్త షార్ట్‌కట్ తయారు చేసుకుని దాన్ని వాడాలి.

ఎక్సెల్‌కి కూడా ఇదే పద్ధతి, అక్షరం మాత్రం ఎఫ్ కాదు, ఆర్. స్లాష్ ఆర్ పెడితే ఫైలు రీడ్ ఓన్లీగా తెరుచుకుంటుంది, లెక్కలన్నీ చూసుకుని సేవ్ యాజ్‌తో వేరే పేరు పెట్టుకోవచ్చు. లిబ్రే ఆఫీస్‌కి స్లాష్ బదులు చిన్న గీత పెట్టి ఎన్ అక్షరం. ఇది బీఏకే ఫైళ్లకు చాలా ఉపకారం చేస్తుంది, ఎందుకంటే ఆ ఎక్స్‌టెన్షన్‌ని ఏ ప్రోగ్రాముకీ శాశ్వతంగా కట్టేయకుండా, కావలసినప్పుడు మాత్రమే లిబ్రే ఆఫీస్‌కి పంపించవచ్చు. అదే ఎక్స్‌టెన్షన్‌తో ఉన్న వేరే ప్రోగ్రాముల బ్యాకప్‌ల జోలికి పోదు. బీఏకే ఫైళ్లకు "ఎప్పుడూ ఇదే వాడు" అన్నదాని మీద టిక్కు పెట్టొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇంకో సంగతి, ఆ షార్ట్‌కట్‌కి మనం ఏ పేరు పెడితే మెనూలో అదే కనిపిస్తుంది, తెలుగులో పెట్టినా చక్కగా కనిపిస్తుంది. నేను "పాత కాపీ - వర్డ్‌లో కొత్తగా తెరువు" అని పెడతాను, ఎక్సెల్‌కి "పాత లెక్కలు - చూడ్డానికి మాత్రమే" అని. ఇంగ్లిష్ మెనూల మధ్య ఒక్క తెలుగు లైను ఉంటే కన్ను నేరుగా అక్కడికే పోతుంది. టైపు బాగా వచ్చి ఇంగ్లిష్ అంతగా రాని పెద్దవాళ్లు ఎంతమందో ఈ పనుల్లో ఉన్నారు, మూడు దశాబ్దాలు దస్తావేజులు రాసిన అనుభవం ఉన్నవాళ్లు. ఫైలు పోయిన ప్రతిసారీ కుర్రాళ్లని పిలిచి, వాళ్లు వచ్చేదాకా పార్టీని కూర్చోబెట్టుకోవాల్సిన అవసరం వాళ్లకి ఎందుకు రావాలి?

సెండ్ టూ కింద కాకుండా నేరుగా మెనూలోనే, అదీ బ్యాకప్ ఫైళ్ల మీద నొక్కినప్పుడే కనిపించాలంటే రిజిస్ట్రీలోకి వెళ్లాలి. ఇది తెలిసినవాళ్లే చెయ్యాలి. రిజిస్ట్రీ ఎడిటర్‌లో కరెంట్ యూజర్ కొమ్మ కింద సాఫ్ట్‌వేర్, క్లాసెస్, సిస్టమ్ ఫైల్ అసోసియేషన్స్, దాని కింద చుక్కతో సహా ఆ ఎక్స్‌టెన్షన్ పేరు, దాని కింద షెల్, దాని కింద మనం పెట్టుకునే పేరు, దాని కింద కమాండ్ అనే కీలు వరుసగా తయారు చేసి, చివరి దానికి ప్రోగ్రాము పూర్తి దారి, స్లాష్ ఎఫ్, తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య %1 ఇవ్వాలి. ఆ కొటేషన్ గుర్తులు మర్చిపోతే పేరులో ఖాళీ ఉన్న ఏ ఫైలూ తెరుచుకోదు, బ్యాకప్ ఫైళ్లన్నిటి పేర్లలోనూ ఖాళీలు ఉంటాయి కాబట్టి ఒక్కటీ పని చెయ్యదన్నమాట. మనం పేరు పెట్టుకున్న కీ డిఫాల్ట్ విలువలో ఏం రాస్తే మెనూలో అది కనిపిస్తుంది, తెలుగు కూడా. దీన్నే ఫైలుగా రాసి నాలుగు కంప్యూటర్లకు పంచాలనుకుంటే ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-16 ఎల్ఈ ఎన్‌కోడింగ్‌లో సేవ్ చెయ్యాలి, లేకపోతే తెలుగు అక్షరాలు దెబ్బతింటాయి. కరెంట్ యూజర్ కింద చేస్తే ఆ ఒక్క లాగిన్‌కే వర్తిస్తుంది, తేడా వచ్చినా మిగతావాళ్లకు నష్టం లేదు, అందుకే లోకల్ మెషీన్ కొమ్మని ముట్టుకోవద్దంటాను. మార్చేముందు ఆ కొమ్మని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన రిజిస్ట్రీ ఫైలునో, వీడియో కింద లింకులో దొరికిన దాన్నో లోపల ఏముందో చూడకుండా డబుల్ క్లిక్ చెయ్యడం మాత్రం చాలా ప్రమాదం. రైట్ క్లిక్ మెనూ అందంగా చేస్తామనే ప్రోగ్రాములు కూడా ఇన్‌స్టాల్ చెయ్యకండి, పైన చెప్పిన సెండ్ టూ చాలు. ప్రభుత్వ ఆఫీసుల్లో, బ్యాంకుల్లో ఉన్నవాళ్లు తమ సిస్టమ్స్ చూసేవాళ్లని అడిగి చేయించుకోవాలి, సొంతంగా కాదు.

రైట్ క్లిక్‌లోనే "రిస్టోర్ ప్రీవియస్ వెర్షన్స్" అని మరొకటి ఉంది. విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఆన్ చేసి వేరే డ్రైవ్ తగిలించి ఉంచితే, ఒక్క మెట్టు కాదు, వెనక్కి చాలా మెట్లు పోవచ్చు, తేదీలవారీగా కాపీలు కనిపిస్తాయి. కానీ ఎవరూ ఆన్ చెయ్యరు కాబట్టి నొక్కితే ఖాళీ పెట్టె వస్తుంది. ఒక పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉన్నా చాలు, ఇది పెట్టుకోండి. అందులోనూ "రిస్టోర్" నేరుగా నొక్కకుండా ముందు "ఓపెన్" నొక్కి చూసి, కావలసింది అదే అనిపిస్తే వేరే చోటికి కాపీ తీసుకోండి. రిస్టోర్ అంటే ఇప్పుడున్న ఫైలు మీద పాతది కూర్చుంటుంది.

ఆటో రికవర్ ఉంది కదా, ఇదంతా ఎందుకు అని అడుగుతారు. ఆటో రికవర్ మామూలుగా పది నిమిషాలకోసారి దాస్తుంది, కరెంటు పోయినప్పుడో వర్డ్ హఠాత్తుగా మూతపడినప్పుడో పనికొస్తుంది. మనమే చేతులారా సేవ్ చేసి మూసేసిన ఫైలు విషయంలో దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు, పని సవ్యంగా ముగిసిందనుకుని అది తన కాపీని తీసేస్తుంది. వన్ డ్రైవ్‌లో ఫైళ్లు పెట్టుకున్నవాళ్లకు వెర్షన్ హిస్టరీ ఉంటుంది, అది మంచి సదుపాయమే, నెట్ బాగా ఉన్నవాళ్లు వాడుకోవచ్చు. కానీ పార్టీల ఆధార్ నంబర్లు, పాన్ నంబర్లు ఉన్న దస్తావేజులను క్లౌడ్‌లో పెట్టడానికి చాలామంది ఇష్టపడరు, వాళ్ల భయాన్ని నేను తప్పు పట్టను.

ఒక హద్దు కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. వర్డ్ రాసే బ్యాకప్ కాపీ అసలు ఫైలు ఉన్న డిస్క్‌లోనే ఉంటుంది, డిస్క్ పోతే రెండూ పోతాయి. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. అలాంటివి అసలు ఫైళ్లతో పాటు బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ల ఫైళ్లకూ తాళం వేస్తాయి, విండోస్ తనంతట తాను దాచుకున్న పాత కాపీలను (షాడో కాపీలను) కూడా తుడిచేస్తాయి. కాబట్టి వారానికోసారైనా ఫోల్డర్ మొత్తాన్ని బయట డిస్క్‌లోకి ఎక్కించి, ఆ డిస్క్‌ని కంప్యూటర్ నుంచి పీకి బీరువాలో పెట్టాలి. రైట్ క్లిక్ ఏర్పాటు దీనికి బదులు కాదు. రోజువారీ చిన్న ప్రమాదాలకు అది, పెద్ద ప్రమాదాలకు ఇది.

ఇప్పుడు నా విజ్ఞప్తులు. మొదటిది కంప్యూటర్లు అమ్మి సెట్ చేసి ఇచ్చే షాపులవాళ్లకి. విండోస్ ఎక్కించి, ఆఫీస్ ఎక్కించి, యాంటీ వైరస్ ఎక్కించి డబ్బులు తీసుకుంటున్నాం. వర్డ్‌లో ఆ ఒక్క టిక్కు, సెండ్ టూలో ఆ రెండు షార్ట్‌కట్లు పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టదు. పెట్టి, కస్టమర్ ముందే ఒక ఫైలు చెడగొట్టి, బ్యాకప్ తెరిచి చూపించండి. ఒకసారి కళ్లతో చూసినవాళ్లు మర్చిపోరు. సర్వీసుకి వచ్చిన కంప్యూటర్‌లో జాగా చేస్తున్నామంటూ డబ్ల్యూబీకే, బీఏకే ఫైళ్లను చెత్త కింద తుడిచెయ్యడం కూడా దయచేసి మానండి, కస్టమర్‌ని అడక్కుండా ఒక్కటీ తీయొద్దు.

రెండోది కంప్యూటర్ కోర్సులు చెప్పే సెంటర్లకి. ఎంఎస్ ఆఫీస్ అని నెలల తరబడి నేర్పుతారు, మెయిల్ మెర్జ్ చెప్తారు, మాక్రోలు కూడా చెప్తారు, పోయిన ఫైలుని వెనక్కి తెచ్చుకోవడం మాత్రం పాఠంలో ఉండదు. ఆ కోర్సు చేసిన పిల్లలు రేపు ఏ ప్లీడరు దగ్గరో, ఆడిటర్ దగ్గరో చేరతారు. మొదటి నెలలోనే ఒక ఫైలు పోగొడితే ఉద్యోగం పోతుంది, లేదా జీతంలో కోత పడుతుంది. చిన్న జీతాల పిల్లలు వాళ్లు. ఒక్క క్లాసు దీనికి కేటాయించలేమా? ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు, రెండు రాష్ట్రాల్లో మీసేవ కేంద్రాలున్నాయి, అక్కడ పనిచేసేవాళ్లకి ఇచ్చే శిక్షణలో దీన్ని చేర్చమని సంబంధిత అధికారులను మీ పేపర్ ద్వారా కోరుతున్నాను.

మూడోది మీకు. ప్రతి ఏటా మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా జరుపుకుంటారు. మన దగ్గర అదే రోజు ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, బిల్లులు, లెక్కలు, రిజిస్టర్లు అన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చే రోజు, ఫైళ్లు ఎక్కువగా తారుమారయ్యే రోజు కూడా. ఆ రోజున కాదు, దానికి ఓ రెండు వారాల ముందు, మీ కంప్యూటర్ పేజీలో ఈ ఏర్పాటుని బొమ్మలతో, ఒక్కో మెట్టూ తెలుగులో వెయ్యండి. విండోస్ 10, విండోస్ 11 రెండింటి మెనూలూ చూపించండి. కత్తిరించి కంప్యూటర్ పక్కన గోడకి అంటించుకునేలా ఒకే పేజీలో ఉంటే ఇంకా మంచిది. అందులో మొదటి లైనుగా, పెద్ద అక్షరాల్లో, "తప్పు జరిగిందనిపిస్తే సేవ్ నొక్కవద్దు" అని ఉండాలి.

ఇట్లు
ఒక పాఠకుడు,
తెనాలి